పడవ ఎక్కని మేకను చూడటానికి పెన్సిల్వేనియా వెళ్ళాం

మా ఆయన కరుణాకర్‌కు స్ట్రోక్ వచ్చి మాట పోయాక, "వెళ్దాం" అని తన నోటితో తానే అన్న మొదటి ప్రయాణం ఇది. వెళ్ళింది ఏ జలపాతం చూడటానికో, బీచ్‌కో కాదు. ఒక మేకను చూడటానికి. అదీ నిజం మేక కాదు, కాగితం మీద నల్ల సిరాతో గీసిన మేక. న్యూజెర్సీలో మేముండే ప్లెయిన్స్‌బరోలో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరం. అలాంటి చోటికి వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని దారి వివరాలతో సహా రాస్తున్నాను. కాని ముందు ఆ మేక మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

కరుణాకర్ ఒక మందుల కంపెనీలో స్టాటిస్టిక్స్ పని చేసేవారు. పని లెక్కలతోనే అయినా మనిషి మహా మాటకారి. మా తెలుగు చర్చిలో పిక్నిక్ అయినా, క్రిస్మస్ విందు అయినా మైకు ఆయన చేతికే ఇచ్చేవారు. మొహం గంభీరంగా పెట్టి ఒక్క మాట అనేవారు, హాలంతా ఘొల్లుమనేది. రెండేళ్ళ కిందట ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి పడిపోయారు. కుడి కాలూ కుడి చెయ్యీ కొన్ని నెలల్లో స్వాధీనంలోకి వచ్చాయి. మాట రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది. తాను చెప్పాల్సింది మనసులో ఉంటుంది. ఆ మాట మాత్రం నాలుక మీదికి రాదు. చెంచా అనబోయి తాళం అంటారు. తప్పు అన్నానన్న సంగతి ఆయనకు వెంటనే తెలిసిపోతుంది, అదే ఎక్కువ బాధ. చర్చిలో స్నేహితులు ప్రేమ కొద్దీ ఆయన మొదలుపెట్టిన వాక్యాలు తాము పూర్తి చేసేవారు. కొన్నాళ్ళకు ఆయన చర్చికి రావడం మానేశారు. తర్వాత నాతో కూరగాయల కొట్టుకు రావడం మానేశారు. చివరికి బయటివాళ్ళ ముందు నోరు విప్పడమే మానేశారు.

స్పీచ్ థెరపిస్టు మొదట ఆపిల్, కుర్చీ, గొడుగు బొమ్మలున్న అట్టముక్కలు చూపించి పేర్లు చెప్పమనేది. ఆయన రెండో రోజే వాటిని పక్కకు నెట్టేశారు. అప్పుడా అమ్మాయి ఒక పని చేసింది. పాత దినపత్రికల్లో వచ్చిన కామిక్ స్ట్రిప్పులను గడి గడిగా కత్తిరించి, కలిపేసి, "వరసలో పెట్టి కథ చెప్పండి" అని ఇచ్చింది. వాటిలో ఒకటి హైరమ్ అనే ముసలి పడవవాడిదీ, డచెస్ అనే మేకదీ. హైరమ్ నది దాటించే బల్లకట్టు నడుపుతాడు. డచెస్‌ను అవతలి ఒడ్డుకు చేర్చాలని రోజూ ప్రయత్నిస్తాడు. అది ఎక్కదు. ఒకరోజు తాడు కట్టి లాగుతాడు, ఒకరోజు క్యాబేజీ చూపిస్తాడు, ఒకరోజు తానే మేక చర్మం కప్పుకుని నాలుగు కాళ్ళ మీద ముందు నడుస్తాడు. అది రాణీగారిలా చూస్తుందే తప్ప కదలదు. ఏళ్ళ తరబడి నడిచిన స్ట్రిప్ అట, ఇంతే కథ. గడులు వరసలో పెట్టి చివరి గడి దగ్గర కరుణాకర్ గట్టిగా నవ్వారు. స్ట్రోక్ తర్వాత ఆ నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత లైబ్రరీ నుంచి ఆ స్ట్రిప్పుల సంకలనాలు తెప్పించుకుని రోజూ చదివేవారు. హైరమ్ మాటలు కూడా తక్కువే. "వెల్." "నౌ సీ హియర్." అంతకు మించి అనడు. కరుణాకర్ అవి పైకి చదివేవారు. ఆ పుస్తకాల్లో ఒకదాని వెనక, ఒరిజినల్ బొమ్మలు టాల్‌బట్స్ ఫెర్రీ అనే ఊళ్ళోని చిన్న కామిక్స్ మ్యూజియంలో ఉన్నాయని రాసి ఉంది. ఆ పేజీ నా ముందు పెట్టి, వేలితో రెండుసార్లు తట్టి, "వెళ్... వెళ్దాం, సుహా" అన్నారు.

అక్టోబరు మధ్యలో ఒక బుధవారం బయల్దేరాం. మ్యూజియం బుధవారం నుంచి ఆదివారం దాకా, పదకొండింటికి తెరుస్తారు. మా ఇంటి నుంచి రూట్ వన్ మీదుగా 295 ఎక్కి, డెలవేర్ నది దాటి, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు పట్టుకుంటే హారిస్‌బర్గ్ దాకా దారి వెతుక్కునే పని లేదు. అక్కడి నుంచి సస్క్వెహానా నది వెంట ఉత్తరానికి ఇంకో అరగంట. ఆగకుండా వెళ్తే మొత్తం మూడు గంటల లోపే. టర్న్‌పైక్ మీద నగదు తీసుకునే కిటికీలు లేవు, కారులో టోల్ ట్యాగ్ లేకపోతే నంబర్ ప్లేటు ఫోటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు, అది బాగా ఎక్కువ పడుతుంది. ట్యాగ్ పెట్టుకుని వెళ్ళండి. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఆఫీసు ట్రాఫిక్ తగ్గాక, ఎనిమిదిన్నర దాటాక బయల్దేరడం మేలు.

సగం దారిలో, కాఫీ కొట్లూ బాత్రూములూ ఉండే సర్వీస్ ప్లాజాలో ఆగాం. నేను బాత్రూమ్‌కు వెళ్ళి వచ్చేసరికి కరుణాకర్ కాఫీ వరసలో నిలబడి ఉన్నారు. నాకు భయం వేసింది, సంతోషం కూడా వేసింది. దగ్గరికి వెళ్ళలేదు. దూరంగా మ్యాపుల అలమార దగ్గర నిలబడి చూశాను. ఆయన వంతు వచ్చింది. "కాఫీ" అన్నారు. అది స్పష్టంగా వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండానే సైజు అడిగింది. "మ... మండే" అన్నారు. మీడియం అనాలి. "సారీ?" అంది ఆ అమ్మాయి. "మండే... కాదు... మ..." ఆ అమ్మాయి తప్పేమీ లేదు, వెనక వరస పొడుగ్గా ఉంది. వెనకాయన నిట్టూర్చి కాలు మార్చుకున్నాడు, అంతే. కరుణాకర్ ఒక్క క్షణం నిలబడి, వరసలోంచి పక్కకు తప్పుకుని నేరుగా కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

కారులో కూర్చున్నాక "ఇంటికి" అన్నారు. ఆ మాట మాత్రం ఏ తడబాటూ లేకుండా వచ్చింది.

"సరేనండి. నెక్స్ట్ ఎగ్జిట్ తీసుకుని యూటర్న్ చేస్తా," అన్నాను.

రోడ్డుకు రెండు పక్కలా చెట్లు ఎర్రగా, పసుపుగా మెరిసిపోతున్నాయి. వాటి గురించి మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నారు. ఇంకెప్పుడూ ఈయన ఇల్లు కదలరేమో అనిపించింది. కాసేపటికి ఎగ్జిట్ బోర్డు కనిపించింది. ఇండికేటర్ వేశాను. ఆయన చెయ్యి చాపి నా మోచేతి మీద వేశారు.

"నో," అన్నారు. కొంచెం ఆగి, "మేక," అన్నారు.

ఇండికేటర్ ఆపేశాను. ఎగ్జిట్ దాటిపోయింది.

టాల్‌బట్స్ ఫెర్రీ ఒకటే పెద్ద వీధి ఉన్న ఊరు. వీధి చివర నది కనిపిస్తూ ఉంటుంది, వెడల్పుగా, రాళ్ళ మీదుగా పలచగా పారుతూ. మ్యూజియం పాత దాణా గోదాములో ఉంది. వెనక ఉచితంగా పార్కింగ్. మెట్లు లేవు, చక్రాల కుర్చీతో కూడా లోపలికి వెళ్ళిపోవచ్చు. టికెట్ ఎనిమిది డాలర్లు. కౌంటర్ దగ్గర నెరిసిన జుట్టు ముడేసుకున్న సన్నటి ఆవిడ కూర్చుని ఉంది. పేరు మార్లీన్. ఆవిడ ఇంగ్లీషులో అన్నవి నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎక్కడి నుంచి వచ్చారు?" అని ఆవిడ కరుణాకర్‌ను అడిగింది. ఆయన నా వైపు చెయ్యి చూపించారు.

"న్యూజెర్సీ నుంచండి. మా వారికి మాట దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది," అన్నాను.

"దానికేముంది, ఇవాళ బుధవారమే కదా. ఆదివారం దాకా తెరిచే ఉంటాం," అంది మార్లీన్. కరుణాకర్ పెదవి చివర కొంచెం కదిలింది.

ముందు గదిలో అమెరికన్ కామిక్స్ కథంతా గోడల మీద పరిచి ఉంది. పెద్ద పెద్ద ఆదివారం పేజీలు, ఒక్కొక్కటి టేబుల్ గుడ్డంత. చతురస్రం దవడ డిటెక్టివులు, శరీరానికి మించిన తలలున్న పిల్లలు, భర్త మీదికి అప్పడాల కర్ర ఎత్తిన ఇల్లాళ్ళు, చంద్రుడి మీదికి మంచంతో సహా ఎగిరిపోయే కలలు. వాటి పక్కన పల్చటి కామిక్ పుస్తకాలు, భుజాలకు కట్టుకున్న గుడ్డ రెపరెపలాడుతుండగా మేడల మీదుగా దూకే వీరులు. ఆ పుస్తకాల కాగితం ఎంత చవకదంటే అంచులు టీ రంగులోకి మారి పొడి పొడి అయిపోతున్నాయి. పిల్లలు చదివి పారేస్తారని వేసినవి ఇవాళ గాజు పెట్టెల్లో దీపం తగ్గించి పెట్టారు. ఒక పాత ఫోటోలో, ఓడ దిగి వచ్చిన కుటుంబం వంటింటి బల్ల మీద ఆదివారం పేజీ పరుచుకుని వేలితో అక్షరాలు తడుముతూ ఉంది. ఇంగ్లీషు రాని ఎంతోమంది ఈ బొమ్మల పక్కన ఉన్న మాటలతోనే భాష నేర్చుకున్నారని దాని కింద రాశారు. కరుణాకర్ ఆ ఫోటో దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నాకు మాత్రం మచిలీపట్నంలో మా ఇంటికి వారపత్రిక వచ్చిన రోజు గుర్తొచ్చింది. అక్కా నేనూ కార్టూన్ పేజీ కోసం పీక్కుంటే అది నిలువునా చిరిగింది. చెరో సగం చూసుకుని నవ్వుకున్నాం.

రెండో గది హైరమ్‌ది, డచెస్‌ది. ఒరిజినల్ బొమ్మలు పత్రికలో అచ్చయిన దానికి రెండింతలు పెద్దవి. పుస్తకంలో బొటనవేలంత ఉండే మేక ఇక్కడ అరచెయ్యంత ఉంది. దగ్గరికి వెళ్తే బొమ్మ గీసినాయన కుంచె ఎక్కడ ఒత్తి పట్టాడో, ఎక్కడ తేల్చాడో తెలుస్తుంది. డచెస్ వీపు మొత్తం ఒకే గీత. మెడ దగ్గర సన్నగా మొదలై, పొట్ట దగ్గర లావెక్కి, తోక దగ్గర గాలిలోకి పోయినట్టు ఆగిపోతుంది. ఆ ఒక్క గీతలోనే దాని మొండితనమంతా ఉంది. నల్ల గీతల కింద లేత నీలం పెన్సిల్ గీతలు అలాగే ఉన్నాయి. ఆ నీలం అచ్చుకు తీసే కెమెరాకు కనపడదట, అందుకే చెరపాల్సిన పని లేదు. నవ్వు తెప్పించే బొమ్మ వెనక ఎన్నిసార్లు గీసి సరిదిద్దుకున్నాడో ఆ నీలం చెబుతుంది. హైరమ్ చెయ్యి ఒక్కటే నాలుగు రకాలుగా ప్రయత్నించిన చోటు చూశాను.

మార్లీన్ మా వెనకే వచ్చింది. ఆ స్ట్రిప్ చివరి సంవత్సరాల్లో బుడగల్లో అక్షరాలు రాసింది తనేనని అప్పుడు చెప్పింది. మాట్లాడే మనిషి నోటి దగ్గరి నుంచి లేచే ఆ గుండ్రటి గీతనే బుడగ అంటారు. బొమ్మ ఒకరు గీస్తే, బుడగలో అక్షరాలు చాలాసార్లు ఇంకొకరు రాసేవారట.

"మా బాస్ గీసేవాడు, నేను రాసేదాన్ని," అంది. "ఇది చూడండి." చిన్న టార్చిలైటు తీసి ఒక ఫ్రేము మీదికి పక్క నుంచి వేసింది. బుడగలో "వెల్" అని ఒక్క మాట ఉంది. వెలుతురు ఏటవాలుగా పడగానే, దాని చుట్టూ తెల్ల రంగు పూసిన మచ్చలు ఉబ్బెత్తుగా కనిపించాయి. ఆ తెలుపు కింద అక్షరాల నీడలు. ఒక వరస కాదు, నాలుగు వరసలు.

"ఇదంతా చెరిపేశారా?" అని అడిగాను.

"చెరిపింది నేనే. మా బాస్ పొద్దున వచ్చేటప్పుడు బోలెడు మాటలతో వచ్చేవాడు. అన్నీ నా చేత రాయించేవాడు. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి బొమ్మ ముందు నిలబడి, ఇది తీసెయ్, అది తీసెయ్ అనేవాడు. సాయంత్రానికి ఒక్క మాట మిగిలేది. ఆ ఒక్క మాట కోసం పొద్దుటి నుంచి వెతికామని అనేవాడు."

కరుణాకర్ టార్చిలైటు కోసం చెయ్యి చాపారు. మార్లీన్ ఇచ్చేసింది. ఆయన ఒక్కో ఫ్రేము దగ్గరికి వెళ్ళి, పక్క నుంచి వెలుతురు వేసి, తెలుపు కింద ఉన్నవి చూడటం మొదలుపెట్టారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆయన వీపు వైపు చూస్తూ, ఆయన్ను ఆయన మానాన వదిలేశాను.

ఆ సమయానికి గదిలో మాతో పాటు రిటైరైన దంపతులూ, ఒక తల్లీ, పదేళ్ళున్న ఆమె కూతురూ ఉన్నారు. మార్లీన్ మా అందరినీ చివరి గోడ దగ్గరికి పిలిచింది. అక్కడున్నది ఆ ఆర్టిస్టు పోయేనాటికి బల్ల మీద మిగిలిన స్ట్రిప్. నాలుగు గడులు. మొదటి దాంట్లో హైరమ్ తాడు పట్టి మేకను లాగుతుంటాడు. రెండో దాంట్లో అలిసిపోయి గడ్డిలో కూలబడతాడు, తాడు వదులుగా పడి ఉంటుంది. మూడో దాంట్లో హైరమ్ నిద్రపోతుంటాడు, ఆయన టోపీ జారి నేల మీద పడి ఉంటుంది. డచెస్ తల తిప్పి పడవ వైపు చూస్తుంటుంది. నాలుగో గడిలో నీలం పెన్సిల్‌తో నదీ, రేవూ, పడవ అంచూ మాత్రమే. మనుషులు లేరు, మేక లేదు. పైన ఖాళీ బుడగ ఒకటి.

"తర్వాత ఏమవుతుందో నాకు చెప్పలేదు," అంది మార్లీన్. "నేను అడగలేదు. మర్నాడు వస్తాడు కదా అనుకున్నాను. అందుకే వచ్చినవాళ్ళందరినీ అడుగుతుంటాను. మీరేమంటారు?"

"డచెస్ తాడు తినేస్తుంది," అంది పాప. రిటైరైన పెద్దాయన, "మేకే హైరమ్‌ను నీళ్ళలోకి లాగుతుంది, తిక్క కుదురుతుంది," అన్నారు. అందరం నవ్వాం. పాప తల్లి తనకేమీ తట్టడం లేదంది. నేనూ అదే అన్నాను. మార్లీన్ బొమ్మ వైపు తిరగబోతుండగా కరుణాకర్ చెయ్యి ఎత్తారు, తరగతిలో ఎత్తినట్టు.

నాకు కాఫీ వరస కళ్ళ ముందు కనిపించింది.

"గోట్," అన్నారు ఇంగ్లీషులో. "గోట్... ఇన్... బోట్." నాలుగో గడిలో పడవ మీద వేలు పెట్టారు. తర్వాత నేల మీద పడి ఉన్న టోపీని చూపించి, దాన్ని తీసి తన తల మీద పెట్టుకున్నట్టు అభినయించారు. పాప కిసుక్కుమంది. "హైరమ్... వేక్స్. కమ్స్. గోట్ సేస్..." ఆగిపోయారు.

మెడ నిటారుగా పెట్టి, కళ్ళు సగం మూసి, అచ్చం డచెస్‌లా నిలబడి, అరచెయ్యి ముందుకు చాపారు. "సేస్... స్టాంప్." తల అడ్డంగా ఊపారు. "పాస్‌పోర్ట్. నో. నో." నుదుటి మీద చెమట పట్టింది. ఆ మాట ఏమిటో నాకు తెలిసిపోయింది, నాలుక చివర నిలబడి ఉంది. పళ్ళ మధ్య పెదవి పెట్టి ఆపుకున్నాను. పెద్దాయన సాయం చేద్దామని "మనీ?" అనబోయారు. మార్లీన్ ఆయన వైపు చూడకుండానే చెయ్యి కొంచెం పైకెత్తింది. ఆయన ఆగిపోయారు. గదిలో ఎవరూ కదల్లేదు. ఎవరూ నిట్టూర్చలేదు. బయట వీధిలో లారీ ఒకటి వెళ్ళిన చప్పుడు మొత్తం వినిపించింది.

కరుణాకర్ చాపిన చెయ్యి అలాగే ఉంచి, కళ్ళు మూసుకుని తెరిచారు.

"టికెట్?" అన్నారు.

ముందు పాప పడీ పడీ నవ్వింది. తర్వాత పెద్దాయన. ఆయన నవ్వు దగ్గులోకి మారితే భార్య వీపు తట్టింది, ఆవిడా నవ్వుతూనే. జాలితో నవ్విన నవ్వు కాదది. జోకు పేలితే వచ్చే నవ్వు. ఆ తేడా నాకు బాగా తెలుసు, పదిహేనేళ్ళు చర్చి హాల్లో వెనక వరసలో కూర్చుని విన్నదాన్ని. కరుణాకర్ నవ్వలేదు. మొహం గంభీరంగా పెట్టుకుని చెయ్యి ఇంకొంచెం ముందుకు చాపారు. దాంతో వాళ్ళు రెండోసారి నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి గోడ మీద బొమ్మలన్నీ అలుక్కుపోయాయి.

"డచెస్ మాట్లాడింది! అమ్మా, డచెస్ ఎప్పుడూ మాట్లాడదు కదా!" అని పాప తల్లి చెయ్యి లాగుతోంది.

మార్లీన్ మాత్రం బొమ్మ వైపే చూస్తోంది. "అన్నేళ్ళు పనిచేశాను. ఆ మేక నోట ఒక్క మాట కూడా నేను రాయలేదు," అంది నెమ్మదిగా. తర్వాత పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళి, పల్చటి ట్రేసింగ్ కాగితం, పాత కలం, సిరా బుడ్డి తీసింది. కళ్ళజోడు మార్చుకుంది. కరుణాకర్‌ను దగ్గరికి పిలిచి అడిగింది: "ఎలాంటి అక్షరాలు రాయమంటారు? పెద్దవా, చిన్నవా?"

ఆయన ఆలోచించారు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, "స్మాల్," అన్నారు. "షీ... డోంట్... షౌట్."

"అవును. డచెస్ ఎందుకు అరుస్తుంది," అంది మార్లీన్. పెద్ద బుడగ గీసి, దాని మధ్యలో చిన్న చిన్న అక్షరాలతో రాసింది. పెద్ద బుడగలో చిన్న అక్షరాలుంటే ఆ మనిషి మెల్లగా అన్నట్టు అట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. సిరా ఆరాక ఆ కాగితాన్ని ఫ్రేము గాజు మీద నాలుగో గడికి సరిగ్గా పట్టి చూపించింది. మేక లేదు, టోపీ లేదు, హైరమ్ లేడు. అయినా ఖాళీ పడవ మీద ఆ మాట కనపడగానే అందరికీ అంతా కనిపించింది. ఆ సాయంత్రం దాకా దాన్ని అక్కడే అంటించి ఉంచుతానని చెప్పి, నాలుగు మూలలా కాగితం టేపు వేసింది.

మధ్యాహ్నం రెండు దాటాక మ్యూజియానికి ఎదురుగానే ఉన్న డైనర్‌లో భోజనం చేశాం. టర్కీ శాండ్‌విచ్, టమాటా సూప్, పళ్ళతో చేసే పై అనే తీపి ముక్కలు, ఇద్దరికీ కలిపి టిప్‌తో నలభై డాలర్ల లోపే. కారం కావాలనుకునేవాళ్ళు మిరపకాయ సాస్ అడగండి, బల్ల మీద పెట్టరు. ఇక్కడ అద్భుతమేమీ జరగలేదని చెప్పాలి. కరుణాకర్ చెర్రీ పై అనాలనుకుని ఆపిల్ అన్నారు. వచ్చింది చూసి నా వైపు చూశారు.

"మార్పించమంటారా?" అన్నాను.

"ఉండనీ... బాగుంది," అని తినేశారు. కాఫీ నన్నే చెప్పమన్నారు. సైజు ఆ డైనర్‌లో ఒకటే.

తర్వాత రేవు దాకా నడిచాం. వీధి చివర నుంచి పది నిమిషాలు కూడా పట్టదు. బల్లకట్టు ఎప్పుడో ఆగిపోయింది, సిమెంటు దిమ్మె ఒకటి మిగిలింది. దాని మీద కూర్చుంటే నది అవతల కొండ మొత్తం రాగి రంగులో కనిపిస్తుంది. కరుణాకర్ రాళ్ళు ఏరి నీళ్ళలోకి విసిరారు, కుడి చేత్తోనే. వెలుతురు ఉండగానే బయల్దేరాం. ఫిలడెల్ఫియా దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఇరుక్కున్నాం. వీలైతే రెండింటికల్లా టాల్‌బట్స్ ఫెర్రీ వదిలేయండి, లేకపోతే అక్కడే రాత్రి భోజనం చేసి ఆలస్యంగా బయల్దేరండి.

ఆ రోజు తర్వాత ఆయనకు మాటలు గలగలా వచ్చేశాయని రాయలేను, రాలేదు. చెంచా ఇప్పటికీ కొన్ని రోజులు తాళమే. కాని కిందటి నెల చర్చి భోజనాలకు వచ్చారు. ఎవరో వాక్యం అందించబోతే చెయ్యి కొంచెం పైకెత్తి ఆపారు, వాళ్ళు ఆగారు. ఈ కామిక్స్ గీసినవాళ్ళంటే నాకున్న గౌరవం ఆ గదిలోనే పుట్టింది. నాలుగు గడులు, రెండు బుడగలు, రోజూ తప్పని గడువు. అంత ఇరుకులో ఒక మొండి మేకనూ, దాన్ని వదిలిపెట్టని ముసలివాణ్ణీ నిలబెట్టారు. ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఉన్న తెల్లటి సందులో ఏం జరిగిందో వాళ్ళు గీయరు, చదివేవాళ్ళ మీద నమ్మకంతో వదిలేస్తారు. ఆ సందులో కాసేపు నిలబడగలిగే ఓపిక ఉన్నవాళ్ళకే కథ అర్థమవుతుంది, జోకు పేలుతుంది. ఆ మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడ్డ ఐదుగురు అపరిచితులకు ఆ ఓపిక ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. సిరా వెలిసిపోకుండా మ్యూజియం వాళ్ళు కొన్ని నెలలకోసారి బొమ్మలు మారుస్తుంటారు, కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి హైరమ్ గది తెరిచి ఉందో లేదో కనుక్కోండి. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ, గది గదికీ నెట్టుకుంటూ నడవాలి. మీతో వచ్చే మనిషికి ఒక మాట వెతుక్కోవడానికి కాస్త సమయం కావాలనుకుంటే, బుధవారం వెళ్ళండి.